మిడత ముట్టని పైరు

1962లో మిడతల దండు ఢిల్లీ మీద వచ్చి పడింది. ఎడారి మిడత వాలిందంటే పైరు మీద ఆశ వదులుకోవడమే. డబ్బాలు వాయించడం, పొగ పెట్టడం, దండు దారి మళ్ళాలని మొక్కుకోవడం, రైతు చేతిలో ఉన్నవి అంతే. పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. ప్రధాన్ అనే కీటక శాస్త్రవేత్త, ఆయన సహచరులు జోత్వానీ, రాయ్ మాత్రం ఇంకో పని చేశారు. వేప పప్పు నూరి, నీళ్ళలో బాగా పలచగా కలిపి పైరు మీద చల్లించారు. దండు వచ్చింది. చల్లిన పైరు మీదా వాలింది. కానీ తినలేదు.

చావలేదు కూడా. ఈ కథకంతటికీ కీలకం అక్కడే ఉంది. అది డీడీటీ ఏలుతున్న కాలం. డీడీటీ పురుగుల్ని చంపుతుందని కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి వచ్చింది. ఏ మందు పరీక్షకు వచ్చినా ప్రయోగశాలలో అడిగే ప్రశ్న ఒక్కటే: ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని చచ్చాయి? ఆ ప్రశ్నకు వేప దగ్గర చెప్పుకోదగ్గ జవాబు లేదు. ప్రధాన్ బృందం చచ్చిన మిడతల్ని లెక్కపెట్టడం మాని, మిగిలిన ఆకును చూసింది. ఆ ఏడే ‘ఇండియన్ ఫార్మింగ్’ పత్రికలో ఆ సంగతి రాశారు. వేప మీద ఆధునిక పరిశోధన మొదలైంది ఎక్కడ అని నన్నడిగితే ఆ చిన్న వ్యాసం దగ్గరే అంటాను.

మరి మన ఇళ్ళల్లో వేప తరతరాలుగా ఉంది కదా, ఇందులో కొత్తగా కనిపెట్టిందేముంది అనవచ్చు. ఉంది. గాదెలో ధాన్యం మధ్య, భోషాణంలో పట్టుచీరల మడతల్లో ఎండు వేపాకు వేసేవాళ్ళం. అమ్మవారు పోస్తే మంచం మీద వేపమండలు పరిచేవాళ్ళం. గజ్జికీ తామరకూ వేపనూనె రాసేవాళ్ళం. గింజలు గానుగకు వెళ్ళేవి, నూనె ఆముదం పక్కన సీసాలో చేరేది, పిండి చేలోకి ఎరువుగా పోయేది. ఇన్ని చేసినా, ఆ గింజను నానబెట్టి పైరు మీద చల్లితే పురుగు తిండి మానేస్తుందన్న ఒక్క ముక్క మాత్రం వాడుకలో అంతగా కనబడదు. ఆకు దగ్గరా నూనె దగ్గరా ఆగిపోయాం. అసలు సరుకు గింజ పప్పులో ఉంది.

నూనెను ముందుగా పట్టుకున్నది సబ్బులవాళ్ళు. 1916లో కలకత్తాలో ఖగేంద్రచంద్ర దాస్, మరికొందరు స్వదేశీ అభిమానులు కలిసి కలకత్తా కెమికల్ కంపెనీ పెట్టారు. 1920 ప్రాంతంలో ఆ కంపెనీ నుంచి మార్గో సబ్బు వచ్చింది. వేపనూనె సబ్బు వినడానికి తేలికే, చెయ్యడం తేలిక కాదు. ఆ వాసన! గంధకం కలిసిన పదార్థాల వల్ల వెల్లుల్లి కుళ్ళినట్టు వచ్చే ఆ కంపును వదిలించకపోతే కొనేవాడు ముక్కు మూసుకుని పోతాడు, పూర్తిగా వదిలిస్తే ఇక అది వేప సబ్బని నమ్మడు. పచ్చగా, కాస్త చేదు వాసనతో మార్గో ఆ మధ్య దారిలో నిలబడింది. విదేశీ సబ్బుల పక్కన అంగడిలో పెట్టి అమ్మిన మన సరుకుల్లో అది ఒకటి.

చేదులో ఏముందో విడదీసి చూడాలన్న పట్టుదల ఒక రసాయన శాస్త్రవేత్తకు వచ్చింది. సలీముజ్జమాన్ సిద్దిఖీ లక్నో దగ్గర బారాబంకీ జిల్లాలో పుట్టి, జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చదువుకున్నారు. సర్పగంధి వేరు నుంచి తీసిన పదార్థానికి తన గురుతుల్యుడు హకీం అజ్మల్ ఖాన్ పేరుమీద అజ్మలీన్ అని పేరు పెట్టిన మనిషి. 1942లో వేపనూనెను ఈథర్ వంటి ద్రావకాలతో ఒక్కొక్కటిగా కడిగి నింబిన్, నింబినిన్, నింబిడిన్ అని మూడు చేదు పదార్థాలు బయటికి తీశారు. వేపకు సంబంధించి ఇలా శుద్ధిగా పేరూ రూపూ ఉన్న పదార్థాలు చేతికందడం అదే మొదలు. వాటిలో నింబిడిన్ వాపును, మంటను తగ్గించే గుణం చూపడంతో చర్మపు లేపనాల మీద పని మొదలైంది. సిద్దిఖీ తరువాత పాకిస్తాన్ వెళ్ళి అక్కడి పరిశోధన మండలిని నిర్మించారు. 1994లో పోయేదాకా కరాచీలో వేపను వదలలేదు.

ఆయన వెతికింది మనిషికి పనికొచ్చే మందు కోసం. పురుగును అడగలేదు. చేదుగా ఉన్నదీ స్ఫటికంగా తేలేదీ ఆయన చేతికి చిక్కాయి. మిడతను ఆపే పదార్థం మాత్రం నూనెలో కొంచెమే ఉండి, ఎక్కువ భాగం పిండిలోనే మిగిలిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే రసాయన శాల బల్ల మీదికి మిడతను తేవాలి.

ఆ పనికి ముందే, మిడత వేపను ముట్టదన్న సంగతి సూడాన్‌లో ఇంకొకడి కంట పడింది. 1959లో జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్‌రిచ్ ష్ముటెరర్ అక్కడ ఉండగా మిడతల దండు వచ్చింది. కనుచూపు మేర పచ్చనిదంటూ మిగల్లేదు, వేపచెట్లు తప్ప. వేప సూడాన్‌కు పరాయి చెట్టు, మన వైపు నుంచి వెళ్ళినదే. ష్ముటెరర్ ఆ దృశ్యం మరచిపోలేదు. తరువాత గీసెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, జీవితమంతా వేపకే ఇచ్చాడు. 1980లో జర్మనీలోని రొట్టాక్ ఎగెర్న్‌లో మొదటి అంతర్జాతీయ వేప సదస్సు జరిగిందంటే ఆయన పూనికే. వేపకు సభ పెట్టడానికి మనకంటే ముందు జర్మనీకి బుద్ధి పుట్టింది, చెప్పుకోవడానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా.

1967లో ఇజ్రాయెల్‌లో డేవిడ్ లావీ బృందం వేప నుంచీ దాని దగ్గరి చుట్టం తురకవేప నుంచీ మిడతకు గిట్టని ఒక పదార్థం తీసింది. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో కీల్ విశ్వవిద్యాలయంలో బటర్‌వర్త్, డేవిడ్ మోర్గన్ ఆ వేటను ముగించారు. వాళ్ళ పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. వడపోత కాగితాన్ని చక్కెర నీళ్ళలో ముంచితే మిడత దాన్ని ఇష్టంగా తింటుంది. ఆ కాగితానికి వేప గింజ సారాన్ని పూసి చూడాలి. తింటే అందులో సరుకు లేదు, ఆ భాగాన్ని పారెయ్యాలి. తినకపోతే ఆ భాగాన్ని ఇంకా విడదీసి మళ్ళీ పెట్టాలి. అలా మిడత మూతి చూపించిన దారినే పోగా పోగా చివరికి ఒక్క పదార్థం మిగిలింది. చెట్టు శాస్త్రీయ నామం నుంచే దానికి అజాడిరక్టిన్ అని పేరు పెట్టారు. లీటరు నీటిలో మిల్లీగ్రాములో పాతికో వంతుంటే చాలు, ఎడారి మిడత ఆ చక్కెర కాగితాన్ని ముట్టలేదు.

ఇక్కడితో ఐపోలేదు. 1972లో ఇంగ్లండ్‌లోనే రస్కో అనే పరిశోధకుడు ఇంకో సంగతి బయటపెట్టాడు. తిండి మానని పురుగు కూడా దీన్ని ఏ కాస్త మింగినా ఎదగదు. గొంగళి కుబుసం విడవడానికి ఒంట్లో ఒక హార్మోను సమయానికి ఊరాలి, అజాడిరక్టిన్ ఆ సమయాన్ని తారుమారు చేస్తుంది. పాత చర్మం ఊడదు, కొత్త చర్మం కుదరదు. సగం కుబుసంలో ఇరుక్కున్న పురుగు రోజుల తరబడి అలాగే ఉండి పోతుంది. అమెరికాలో ఒక రకం మిడతకు వేప రుచి పట్టింపే లేదు, హాయిగా తింటుంది. తిని, తరువాతి కుబుసం దగ్గర చిక్కుకుంటుంది. ఆకలి మాన్పించడం ఒక పని, ఎదుగుదలను ఆపడం ఇంకో పని. ఇరవై నాలుగు గంటల పరీక్షకు ఈ రెండూ అందవు.

అజాడిరక్టిన్ చేతికొచ్చాక ఆ అణువు ఎలా ఉంటుందో గీయడానికి పదిహేడేళ్ళకు పైగా పట్టింది. 35 కార్బన్లు, 44 హైడ్రోజన్లు, 16 ఆక్సిజన్లు ముడులు ముడులుగా పెనవేసుకున్న గుట్ట అది. 1975లో న్యూయార్క్‌లో నకనిషి బృందం గీసిన బొమ్మలో కొంత తప్పు తేలింది. 1985 తరువాతే అసలు రూపం ఖాయమైంది. దాన్ని చేత్తో తయారు చెయ్యాలని పూనుకున్న స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్ళు, 71 మెట్లు పట్టి, ఆ పని 2007లో కేంబ్రిడ్జిలో ముగిసింది. మొదట వేసిన ముడిసరుకులో చివరికి చేతికొచ్చింది 0.00015 శాతం. రసాయన శాస్త్రంలో అది ఘన విజయమే, సందేహం లేదు. వ్యాపారానికి మాత్రం వేసవి చివర చెట్టు కింద రాలే పండే దిక్కు, ఇప్పటికీ.

మన నేల మీదికి వస్తే, పూసా తరువాత ఈ విద్యను పొలంలోకి దించింది రాజమండ్రి. అక్కడి కేంద్ర పొగాకు పరిశోధన సంస్థకు ఒక తలనొప్పి ఉండేది. పొగాకు లద్దె పురుగు. తల్లిపురుగు నారుమడిలో ఆకు అడుగున గుంపుగా గుడ్లు పెడుతుంది. పిల్లలు లేచాయంటే మడి మడంతా జల్లెడే. మందు కొడితే చస్తాయి, కొన్నాళ్ళకు చావడం మానేస్తాయి. బి.జి. జోషి, రామప్రసాద్, సీతారామయ్య వంటి పరిశోధకులు 1970లలో వేప పప్పు పొడిని నీళ్ళలో కలిపి నారుమళ్ళ మీద చల్లి చూశారు. 2 శాతం ద్రావణం చాలని తేలింది. లద్దె పురుగు ఆకు మీద ఉంటుంది, పాకుతుంది, తినదు. పొగాకు నారు నిలబడింది. గోదావరి గట్టున జరిగిన ఈ పని గురించి ప్రపంచ వేప సాహిత్యమంతా ప్రస్తావిస్తుంది, మనం చెప్పుకోవడం తక్కువ.

ఆ విద్య పత్తి చేలకు చేరడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది, ఆ జాప్యానికి మనం పెద్ద మూల్యమే చెల్లించాం. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ, 1997-98లో వరంగల్ జిల్లాలో లద్దె పురుగు. కొట్టిన మందే మళ్ళీ కొట్టి, అప్పు చేసి ఇంకోటి కొట్టి, చివరికి ఆ డబ్బానే తాగిన రైతుల వార్తలు ఆ ఏళ్ళ పత్రికల నిండా ఉన్నాయి. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గరి పునుకుల అనే ఊరు ఈ ఉచ్చులోంచి బయటపడింది. స్వచ్ఛంద సంస్థల తోడుతో వేప కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు పట్టుకుని, 2003 నాటికి మా ఊళ్ళో పురుగుమందు వాడం అని ప్రకటించింది. మహిళా సంఘం వేప గింజలు పొడి చేసే మర పెట్టుకుంది. తరువాత ఆ పద్ధతి ‘పురుగుమందులు లేని సస్యరక్షణ’ పేరుతో ప్రభుత్వ కార్యక్రమమై ఉమ్మడి రాష్ట్రమంతా తిరిగింది.

కషాయం చెయ్యడం రహస్యమేమీ కాదు. 5 కిలోల గింజల పొడిని గుడ్డలో మూటగట్టి 10 లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానేసి, పిసికి వడగట్టి, 100 లీటర్లకు నీళ్ళు పోసి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి సాయంత్రం కొట్టాలి. ఎండలో కొడితే అజాడిరక్టిన్ విరిగిపోతుంది, శ్రమ దండగ. వానకు తడిసి బూజు పట్టిన గింజతో చేసినా అంతే. కష్టమంతా రైతు ఓపిక దగ్గర. తెల్లారి చేలోకి వెళ్తే పురుగు ఆకు మీదే కనబడుతుంది. మందు కొట్టి చచ్చిన పురుగును చూసి తృప్తిపడడం అలవాటైన కంటికి ఇది మోసంలా ఉంటుంది. మూడో రోజు ఆకును చూడమని చెప్పేవాళ్ళు పక్కనుండాలి. పునుకుల లాంటి చోట్ల పనిచేసింది ఆ పక్కనున్న మనుషులే అని నా నమ్మకం.

మరి అమెరికా? విస్కాన్సిన్‌కు చెందిన కలప వ్యాపారి రాబర్ట్ లార్సన్ 1970లలో కలప కోసం మన దేశం వచ్చిపోతూ వేపను చూశాడు. గింజలు తెప్పించుకుని, ఏళ్ళ తరబడి పరీక్షలు చేయించి, 1985లో మార్గోసాన్-ఓ అనే మందుకు అక్కడి పర్యావరణ సంస్థ అనుమతి సంపాదించాడు. మొదట తిండి పంటలకు కాదు, పూలమొక్కల వంటి వాటికే. 1988లో ఆ హక్కుల్ని డబ్ల్యు.ఆర్. గ్రేస్ కంపెనీకి అమ్మేశాడు. గ్రేస్ కంపెనీ కర్ణాటకలోని తుమకూరులో భాగస్వాములతో గింజల ఫ్యాక్టరీ పెట్టింది, పేటెంట్ల దారీ పట్టింది.

1994 సెప్టెంబరులో యూరోపియన్ పేటెంట్ కార్యాలయం అమెరికా వ్యవసాయ శాఖకూ గ్రేస్‌కూ కలిపి ఒక పేటెంట్ ఇచ్చింది. మన పత్రికలు ‘వేప మీద పేటెంట్’ అని రాశాయి. నిజానికి అది మిడతల సంగతీ కాదు, అజాడిరక్టిన్ సంగతీ కాదు. నీటితో కలవని ద్రావకంతో తీసిన వేపనూనెను చల్లి మొక్కలకు పట్టే బూజు తెగుళ్ళను ఆపే పద్ధతి. అలా తీసిన నూనెలో అజాడిరక్టిన్ దాదాపు ఉండదు, అందులో పనిచేసేది నూనే. అది ఆకు మీద పల్చటి పొరలా పరుచుకుని బూజును లేవనివ్వదు, పేనుబంక లాంటి మెత్తటి పురుగులకు ఊపిరాడనివ్వదు. వేప సీసా కొనేవాళ్ళు ఈ తేడా తెలుసుకోవడం మంచిది. ‘1500 పీపీఎం’ అని రాసి ఉన్నది కిలోకు గ్రామున్నర అజాడిరక్టిన్ ఉన్న మందు, నమిలే పురుగులకు. ఆ అంకె లేని వట్టి వేపనూనె వేరే సరుకు.

ఆ పేటెంట్ మీద 1995లో వందనా శివ, యూరప్ పార్లమెంటు సభ్యురాలు మాగ్దా ఆల్‌వుట్, సేంద్రియ వ్యవసాయ ఉద్యమాల అంతర్జాతీయ సమాఖ్య కలిసి అభ్యంతరం వేశారు. వేల ఏళ్ళ వాడుక అన్న మాట మ్యూనిక్‌లోని ఆ పేటెంట్ కార్యాలయంలో గట్టిగా నిలవడం కష్టం. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ తెగులు మీద అని వాళ్ళు అడుగుతారు. జవాబు మహారాష్ట్ర నుంచి వెళ్ళింది. అభయ్ ఫడ్కే అనే వ్యాపారి 1985, 86 వేసవుల్లో పుణె, సాంగ్లీ జిల్లాల రైతుల పొలాల్లో అటువంటి నూనెనే చల్లి చూపించానని సాక్ష్యం చెప్పారు. 2000 మే 10న పేటెంట్ రద్దయింది. గ్రేస్ పక్షం అప్పీలుకు వెళితే 2005 మార్చి 8న అదీ కొట్టేశారు. అప్పటిదాకా ఉద్యమ సభల్లో వినబడిన పెద్ద మాటలన్నిటికంటే ఆ రెండు వేసవుల పొలం పనే ఎక్కువ బరువు తూగింది.

బూజును ఆపే ఈ చెట్టుకే బూజు పట్టిన సంగతి మనం ఈ మధ్యే చూశాం. 2021లో తెలంగాణ, ఆంధ్ర అంతటా వేపచెట్లు కొసల నుంచి ఎండి గోధుమరంగుకు తిరిగాయి. కొమ్మ ఎండు తెగులుకు కారణమయ్యే ఒక శిలీంధ్రం, దానికి తోడు రసం పీల్చే టీ దోమ. వేప సర్వరోగ నివారిణి అనేవాళ్ళు ఆ రోజుల్లో కాస్త మౌనం పాటించారు.

చర్మం విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం. వేపనూనెలో సగం దాకా ఓలియిక్ ఆమ్లం, మిగతాది చాలావరకు మన వంట నూనెల్లో ఉండే కొవ్వులే. పగిలిన మడమకు రాస్తే మెత్తబడడంలో వేప గొప్పదనం కంటే నూనె గుణమే ఎక్కువ. గజ్జి మీద 1992లో అచ్చయిన ఒక పరిశీలనలో 814 మందికి వేపాకు, పసుపు ముద్ద రాస్తే 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో నయమైందన్నారు. అలాంటి ముద్ద మన అమ్మమ్మలూ రాసేవాళ్ళు. కానీ ముద్ద రాయని మనుషుల్ని పక్కన పెట్టి పోల్చలేదు కనుక ఆ అంకెను కాస్త ఆచితూచే తీసుకోవాలి. దోమల సంగతి ఇంకొంచెం గట్టిది. 1993లో మన మలేరియా పరిశోధకులు కొబ్బరినూనెలో 2 శాతం వేపనూనె కలిపి ఒంటికి రాయిస్తే, మలేరియా దోమలు రాత్రంతా కుట్టలేదు. ఇక్కడా వేప దోమను చంపలేదు, దగ్గరికి రానివ్వలేదు.

నోట్లో పొయ్యడం మాత్రం వేరే కథ. పసిపిల్లలకు జలుబు చేస్తే వేపనూనె చుక్కలు నాకించే అలవాటు దక్షిణాది ఇళ్ళలో ఉండేది. మలేసియాలో ఉన్న భారతీయ కుటుంబాల్లో అలా పట్టించిన శిశువులు వాంతులు, ఫిట్లు, కాలేయం దెబ్బతో ఆసుపత్రికి చేరిన సంగతిని 1981లో లాన్సెట్ పత్రిక అచ్చేసింది. కొందరు బతకలేదు. సీసా మీద ‘ప్రకృతి సిద్ధం’ అని ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా, పైన రాసుకోవడానికే, అదీ కొబ్బరినూనెలో కలిపి.

ఇవాళ వేపనూనెకు పెద్ద గిరాకీ చర్మం నుంచి రావడం లేదు, పురుగు నుంచీ కాదు. పూసాలోనే 1970ల మొదట్లో రాజేంద్ర ప్రసాద్ అనే వ్యవసాయ శాస్త్రవేత్త, ఆయన సహచరులు యూరియాకు వేపపిండి కలిపి వరిలో వేసి చూశారు. మామూలు యూరియా మడిలో పడగానే నేలలోని బాక్టీరియా దాన్ని గబగబా నైట్రేటుగా మార్చేస్తుంది, అది నీళ్ళతో పాటు ఇంకిపోతుంది. వేప తగిలితే ఆ మార్పు నెమ్మదిస్తుంది, నత్రజని వేరుకు అందేంతసేపు నిలుస్తుంది. 2015లో కేంద్రం దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేప పూత తప్పనిసరి చేసింది. ఫ్యాక్టరీలకు దొంగదారిన తరలిపోయే సబ్సిడీ యూరియాను ఆపాలన్న ఆలోచన కూడా అందులో ఉంది. ఉండాల్సిన నూనె కనీసం 0.035 శాతం, అంటే 45 కిలోల బస్తాకు పదహారు గ్రాముల లోపు. బాక్టీరియా చావదు, నిదానిస్తుంది, అంతే.